పొలుసుల్లేని పాముకు తొమ్మిది పిల్లలు

మా అమ్మాయి బ్రిస్బేన్‌లో యూనివర్సిటీలో చేరేటప్పుడు తన పామును నాకు అప్పగించి వెళ్లింది. రాష్ట్రం దాటించాలంటే వేరే అనుమతి కావాలి. పైగా తను దిగబోయే సన్నీబ్యాంక్ పేటలోని అద్దె ఇంట్లో పిల్లిని కూడా ఒప్పుకోరట. వెళ్లే ముందు రోజు మా వెర్రిబీ ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు మూడు పేజీల సూచనలు అంటించింది. అన్నీ ఇంగ్లీషులో. అడుగున ఒక్క వాక్యం మాత్రం తెలుగులో రాసింది: "నాన్న, బయపడకు." భయానికి ఒత్తు లేదు. నాకు భయం కూడా లేదు. మూడు పేజీలూ రెండుసార్లు చదివినా, పొద్దున లేచి మొదట ఏం చేయాలో మాత్రం అర్థం కాలేదు.

అది ఈ దేశపు కొండచిలువల్లో ఒక చిన్న జాతి. విషం లేదు, ఎంత పెరిగినా మీటరు పొడవే. మేముండే విక్టోరియా రాష్ట్రంలో ఇలాంటి పామును ఇంట్లో పెంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి. అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా తెచ్చుకుంది. అప్పటికి మైనరు కాబట్టి లైసెన్సు నా పేరు మీద తీసుకున్నాం. ఆఫీసుకు ఆలస్యమవుతోందని, ఏముందో చదవకుండానే సంతకం పెట్టేశాను.

మామూలు పాముకు ఉండే పొలుసులు దీనికి లేవు. పుట్టుకతోనే లేవు. పాకడానికి పొట్ట కింద ఒక వరస పట్టీలు ఉన్నాయి, అంతే. మిగతా ఒళ్లంతా నున్నటి చర్మం. నానబెట్టి తొక్క తీసిన బాదంపప్పును ముట్టుకున్నట్టు ఉంటుంది. మెడ తిప్పినప్పుడు చర్మం సన్నగా ముడతలు పడుతుంది. గోధుమరంగు మచ్చలు తడి కాగితం మీద సిరాలాగా మెత్తగా పరుచుకుని ఉంటాయి. చూడడానికి అందంగా ఉందో, చూస్తే జాలేస్తోందో మొదటి రోజుల్లో తేల్చుకోలేకపోయాను.

ఆ సంవత్సరమే నా ఉద్యోగం పోయింది. ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవాణ్ణి. మొత్తం టీమునే తీసేశారు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో. ఆమె డ్యూటీకి వెళ్లాక పగలంతా ఇంట్లో నేనూ పామూ. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టేవాణ్ణి. జవాబులు వచ్చేవి కావు. అనంతపురం నుంచి ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా, పగటిపూట మా వీధి ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం. అందుకని పాముకు వేసే ఎలుకల కోసం గరాజులో వేరే చిన్న ఫ్రీజరు పెట్టుకుంది అమ్మాయి. తను ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను ఆ మూత ఎత్తలేదు. మొదటిసారి ఎత్తినప్పుడు కళ్లు సగం మూసుకుని ఒక పొట్లం తీశాను. వేడినీళ్లలో కరగబెట్టి, పొడవాటి పట్టకారుతో పట్టుకుని పాము ముందు ఆడించాను. పాము దూకింది. గురి తప్పింది. మళ్లీ దూకింది. ఈసారి పట్టకారును కరిచింది. పెదవి దగ్గర చిన్న గాటు పడి రక్తం బొట్టు వచ్చింది. నేను దాని గాజుపెట్టె తలుపు మూసి అమ్మాయికి ఫోన్ చేశాను.

"అది అంతే నాన్నా," అంది. "వాడికి హీట్ సరిగ్గా తెలీదు."

ఈ జాతి పాములకు పెదవుల మీద సన్నటి గుంటలు ఉంటాయట. దగ్గర్లో ఏ ప్రాణి వెచ్చదనం ఉన్నా వాటితోనే పసిగడతాయట. పొలుసులతో పాటు దీనికి ఆ గుంటలూ సరిగ్గా ఏర్పడలేదు. కాబట్టి ఎలుకను దాని ముక్కు ముందర, కదలకుండా, ఓపికగా పట్టుకోవాలి.

"ఎంతసేపు?"

"వాడికి అర్థమయ్యేదాకా."

నేర్చుకున్నాను. కుబుసం విడిచేటప్పుడు దీని చర్మం చొక్కాలాగా ఒక్కటిగా ఊడిరాదు, ముక్కలు ముక్కలుగా అంటుకుని ఉండిపోతుంది. తడిగుడ్డ పరిచిన డబ్బాలో ఉంచి, వేళ్లతో మెల్లగా ఒలవాలి. ఒకరోజు అలా ఒలుస్తూ కూర్చుంటే గంటన్నర గడిచిపోయింది. అంతసేపూ ఈమెయిల్ చూడాలన్న ఆలోచనే రాలేదు. అన్ని నెలల్లో అదే మొదటిసారి.

చలికాలం మొదట్లో ఒక ఫోన్ వచ్చింది. ఈ పామును పుట్టించి, మా అమ్మాయికి ఇచ్చిన పెద్దావిడ. డెబ్భై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరైంది, మేం గుడికి వెళ్లే కేరమ్ డౌన్స్ దారిలోనే ఇల్లు. నన్ను ఎప్పుడూ చూడకపోయినా ఇక్కడి పెద్దవాళ్ల అలవాటు ప్రకారం ప్రతి మాటకూ 'లవ్' అని చేర్చి పిలిచింది. తన దగ్గరున్న పొలుసుల్లేని మగపాము ముసలిదై చచ్చిపోయిందట. ఆ వంశంలో మగది ఇక మా ఇంట్లో ఉన్నదొక్కటే. తన దగ్గరున్న ఆడపాముతో ఒక సీజను కలపడానికి ఇస్తారా అని అడిగింది.

"కాగితాల్లో మీ పేరే ఉంది, అందుకని మీకు చేశాను," అంది. "కానీ మీ అమ్మాయిని కూడా అడగండి లవ్."

"అలాంటివి ఇంకా ఎందుకు మీకు?" అని అడిగాను.

"బాగుంటాయి కాబట్టి. నలభై ఏళ్లుగా పాములు పెంచుతున్నాను. వీటిని చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం ఇప్పటికీ మొదటిసారి లాగే ఉంటుంది."

అమ్మాయిని అడుగుతానని చెప్పాను. అడగలేదు. ఎందుకు అడగలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేనే నిలదీసుకున్నాను. పిల్లలు పుట్టాక ఒక్కసారిగా చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్న మాట నిజం. ఇంకో నిజం కూడా ఉంది. నా దగ్గర మాత్రమే ఉన్న దాని కోసం ఒక మనిషి నన్ను అడిగి చాలా నెలలైంది. ఔను అనడానికి ఎవరి అనుమతీ అడగబుద్ధి కాలేదు.

రెండు రోజుల తర్వాత ఆమెకు ఫోన్ చేసి సరేనన్నాను. ఆ ఆదివారం గుడికి బయలుదేరినప్పుడు పామును దిండు గలీబులో మూటగట్టి, మూత ఉన్న పెట్టెలో పెట్టి వెనక సీట్లో బెల్టు కట్టాను. మా ఆవిడ పట్టుచీరలో వచ్చి కారు తలుపు తీసి, అలాగే నిలబడింది.

"దేవుని దగ్గరికి పోతా దీన్ని ఎంటబెట్టుకొని పోతామా?"

"శివుని మెళ్లో ఒకటుంది. విష్ణువు పడకే ఒకటి. గుడిలో ఇద్దరూ ఉండారు కదా. మన కార్లో ఉంటే తప్పా?"

"వాటికి పొలుసులుండాయి," అంది మా ఆవిడ, ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటూ.

వెనక పెట్టె బెల్టు ఇంకోసారి చూసి కారు తీశాను.

పెద్దావిడ ఇంట్లో వెనక గది మొత్తం పాములదే. గోడ వారగా పెట్టెలు, ఒక్కో దాని మీద చేత్తో రాసిన చీటీ. ఆడపాముకు పొలుసులున్నాయి. చూస్తే మామూలు పామే. కానీ దాని తండ్రికి లేవు కాబట్టి ఆ లక్షణం దాని లోపల దాగి ఉంటుందట. పుట్టే పిల్లల్లో దాదాపు సగం పొలుసుల్లేకుండా వస్తాయని చెప్పింది. మా ఆవిడ గదిలోకి రాకుండా వంటింట్లోనే ఉండిపోయింది. రెండింటినీ ఒకే పెట్టెలో వదిలాక పెద్దావిడ టీ తెచ్చింది. ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. కాసేపటికి రెండు తోకలూ పెనవేసుకున్నాయి. అంతకు ముందు ముఖపరిచయం కూడా లేని మనిషి పక్కన కూర్చుని అది చూస్తూ బిస్కెట్లు తింటున్నాను. ఎటు చూడాలో తెలియక టీకప్పు మీది పూలు లెక్కపెట్టాను. ఆమె మాత్రం క్రికెట్ చూస్తున్నంత తాపీగా, "బాగుంది, బాగుంది," అంటోంది.

మగపామును అక్కడే కొన్ని వారాలు ఉంచి తెచ్చుకున్నాను. వసంతం దాటుతుండగా ఆడది పదకొండు గుడ్లు పెట్టింది. సరిగ్గా అదే వారం పెద్దావిడకు తుంటి ఆపరేషన్ కుదిరింది. చూసుకునేవాళ్లు ఎవరూ లేరు, గుడ్లు మీరే తీసుకెళ్లండి అంది. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క ఎప్పుడూ పైకే ఉండాలి. గుడ్డు తిరగబడితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చట. వెర్రిబీ దాకా గంటపైన కారు నడిపాను. పసిపిల్లగా ఉన్న మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు కూడా నేను అంత మెల్లగా నడపలేదు.

బట్టలుతికే గదిలో థర్మకోల్ పెట్టె, అడుగున తేమ నిలవడానికి తడిపిన పొట్టు, పక్కన వేడి తగ్గకుండా చూసే చిన్న యంత్రం పెట్టాను. మా ఆవిడ మొదటి రోజు గడపలోనే ఆగింది. "గుడ్డు వండని ఇంట్లో గుడ్లు పొదిగిస్తాండారు," అని వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా నేరుగా ఆ గదికే పోవడం చూశాను.

"ముప్పై ఒకటి ఉండల్ల కదా, ముప్పై రెండు చూపిస్తాండాది," అని కేకేసింది. "ఏం జేస్తాండారు మీరు పగలంతా?"

వార్డులో రోజంతా ఆమె చేసే పని అదే కదా, పెట్టెల్లో వెచ్చదనం చూడడం. ఆమె నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు. వేడి తగ్గించాను.

రెండు గుడ్లు ముడతపడి చెడిపోయాయి. ఇక్కడ నడివేసవి అయిన జనవరి ఎండల్లో మిగతా తొమ్మిదీ పగిలాయి. గుడ్డు మీద ముందు సన్నటి చీలిక, అందులోంచి ఒక ముక్కు. గంటలకొద్దీ అలాగే తల మాత్రం బయటపెట్టి మమ్మల్ని చూస్తూ ఉండేవి. ఐదింటికి పొలుసులున్నాయి. నాలుగింటికి లేవు. ఆ నాలుగూ తడిగా, సన్నగా, జాకెట్టు అంచుకు కుట్టే పైపింగులాగా ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే చివర వచ్చిన దాని కింది దవడ పక్కకు తిరిగి ఉంది. ఒక కన్ను ఉబ్బి ఉంది. నోరు మూసుకోవడం లేదు.

మా ఆవిడ అంతకు ముందు పామును ఎన్నడూ ముట్టుకోలేదు. చేతులు తడిపి, దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"దీనికి తినేకి రాదు," అంది.

"ఇంకా పుట్టింది ఇప్పుడే కదా. చూద్దాం."

"నేను వార్డులో రోజూ చూస్తాండాను కదండీ," అంది చాలా మెల్లగా.

పెద్దావిడకు ఫోన్ చేశాను. ఊతకర్రలతో నడుస్తోందట. కొన్ని రోజులు ఆగి చూడండి అంది. ఆగాను. అది సరైన పనా కాదా అని ఇప్పటికీ తెలియదు.

అమ్మాయి వేసవంతా బ్రిస్బేన్‌లోనే ఏదో పని చేసుకుని, నెలాఖరు లాంగ్ వీకెండ్‌కు వచ్చింది. చదువుతున్నది జంతుశాస్త్రం. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు దారంతా నేను లోపల్లోపల నవ్వుకుంటున్నాను. ఇంట్లోకి రాగానే కళ్లు మూసుకోమని చెప్పి బట్టలుతికే గదిలోకి తీసుకెళ్లాను. కళ్లు తెరిచింది. తొమ్మిది డబ్బాలు. ఒక్కొక్కటే వంగి చూసింది. చివరి డబ్బా దగ్గర చాలాసేపు వంగే ఉంది.

"ఏంటిది నాన్నా?"

"మన వాని పిల్లలు!"

"వాణ్ణి బ్రీడ్ చేశావా? నన్ను అడక్కుండా?"

"నీకు ఇష్టం కదమ్మా. వాడంటే ప్రాణం కదా నీకు."

"ఐ లవ్ హిమ్, నాన్నా. దట్ డజంట్ మీన్ ఐ వాంట్ మోర్ ఆఫ్ హిమ్."

ఇంగ్లీషు నాకు బాగానే వచ్చు. ఆ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా దాన్ని తలలో తెలుగులోకి మార్చుకుని చూసుకున్నాను. వాడంటే ప్రేమే, కానీ వాడిలాంటివాళ్లు ఇంకా పుట్టాలని లేదు. తెలుగులో ఇంకా అర్థం కాలేదు. ఇష్టమైనది ఒకటుంటే అలాంటివి పది ఉండాలనే కదా మనిషి కోరుకునేది.

తను చివరి డబ్బా తీసుకుంది. సెలవు రోజైనా తెరిచి ఉండే వెట్, అంటే పశువుల డాక్టరు, ఎక్కడున్నారో ఫోన్‌లో వెతికింది. మా ఆవిడ హ్యాండుబ్యాగు తగిలించుకుని తనతో పాటు బయలుదేరింది. నన్ను రమ్మనలేదు. ఎనిమిది డబ్బాలతో నేను ఇంట్లో మిగిలాను. రెండు గంటల తర్వాత, బాధ లేకుండా పోయే సూది వేయించి, ఖాళీ డబ్బాతో వచ్చారు. అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడ ఆ డబ్బా కడిగి ఎండలో బోర్లించింది.

భోజనాల దగ్గర అమ్మాయి మెల్లగా చెప్పింది. ఈ పామును తను ఎంచుకుని తెచ్చుకోలేదట. దీనికి గాటు పడి పుండయిందని కొనడానికి వచ్చినవాళ్లు వద్దని వెళ్లిపోయారట. పెద్దావిడ దగ్గర అదొక్కటే మిగిలిపోతే జాలిపడి తెచ్చుకుందట. "వాడు ఉన్నాడు కాబట్టి వాణ్ణి చూసుకోవాలి. అంతే నాన్నా. లేనివాళ్లని ఎందుకు తేవాలి? వాడికి అన్నీ హార్డ్. తినడం హార్డ్, స్కిన్ హార్డ్."

"కానీ బాగానే ఉండాడు కదమ్మా," అన్నాను.

"బికాజ్ ఆఫ్ యూ," అంది. నువ్వు చూసుకుంటున్నావు కాబట్టి. అది మెచ్చుకోలా, నేరారోపణా? అన్నం కలుపుతూ ఆలోచించాను. రెండూ అయ్యుండొచ్చు.

మరునాడు ఎనిమిదింటినీ పెద్దావిడకు అప్పగించడానికి ముగ్గురం వెళ్లాం. ఆమె ఊతకర్ర మీద గుమ్మం దాకా వచ్చి అమ్మాయిని కావిలించుకుంది. వాళ్లిద్దరికీ పాత స్నేహం. వెనక గదిలో డబ్బాలు వరసగా పెట్టాక, అమ్మాయి తను చెప్పాలనుకున్నదంతా ఆమెకు చెప్పింది. ఇక ఈ వంశాన్ని ఆపేయమంది.

పెద్దావిడకు కోపం వచ్చినట్టు లేదు. పొలుసుల్లేని మూడు పిల్లల డబ్బాలను ముందుకు జరిపింది. "వీటిలో ఏది బాధపడుతోందో చూపించు లవ్," అంది.

అవి మూడూ ఆరోగ్యంగా ఉన్నాయి. కుబుసం విడిచాయి, రెండు అప్పుడే తిన్నాయి కూడా.

"ఇక్కడ లేనిది," అంది అమ్మాయి.

"పొలుసులున్న వాటిలోనూ అలాంటివి పుడతాయమ్మా. నా చేతుల మీదుగా ఎన్నో పోయాయి. నా ముసలి మగపాము పంతొమ్మిదేళ్లు బతికింది. మీ నాన్న చూసి ఉంటే బాగుండేది."

అమ్మాయి నావైపు చూసింది. పెద్దావిడ కూడా నావైపే చూసింది. గుడ్లు పొదిగించింది నేను కాబట్టి నేనేదో తీర్పు చెబుతానని కాబోలు. అమ్మాయి మాట విన్నప్పుడు అదే నిజమనిపించింది. పెద్దావిడ మాట విన్నప్పుడు అదీ నిజమే అనిపించింది. పాములకు నీళ్లు మార్చాలేమో అని అన్నాను. ఇద్దరూ ముఖం తిప్పుకున్నారు.

బ్రిస్బేన్ వెళ్లే ముందు అమ్మాయి మరో పని చేసింది. తను ఉండేది వేరే రాష్ట్రంలో, లైసెన్సు తన పేరుకు మార్చడం కుదరదు కాబట్టి, నా చేత ఒక మాట తీసుకుంది. ఇకమీదట పాము విషయంలో ఏది చేసినా ముందు తనను అడగాలి. సరేనన్నాను. ఈసారి అడుగుతాను కూడా.

ఆ తర్వాత నాకు కౌన్సిల్ ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరికింది. పాము బాగానే ఉంది. మళ్లీ చలికాలం మొదలయ్యాక, ఒక సాయంత్రం పెద్దావిడ ఫోన్ చేసింది. తుంటి బాగయిందట. ఆ మూడు పిల్లల్లో రెండింటిని తెలిసినవాళ్లకు ఇచ్చిందట, ఒకటి తనే ఉంచుకుందట. ఇంకొక్క సీజనుకు మగపామును ఇస్తారా అని అడిగింది.

ఇవ్వలేనని చెప్పాను.

"మీ అమ్మాయి వద్దందా?"

"ఇంకా అడగలేదు."

"మరి?"

కారణం కోసం వెతికాను. "నాకు తెలియడం లేదు," అన్నాను చివరికి. "తెలిసేదాకా వద్దనిపిస్తోంది."

"ఫెయిర్ ఇనఫ్, లవ్," అంది. గొంతు కొంచెం చిన్నబోయింది. ఈసారి గుడికి వచ్చినప్పుడు నిమ్మకాయలు తీసుకెళ్లమని, చెట్టు విరగకాసిందని చెప్పి పెట్టేసింది.

మా ఆవిడ సోఫాలో బట్టలు మడతపెడుతూ అంతా వింది.

"నేనైతే ఇచ్చేదాన్ని," అంది.

నేను తిరిగి చూశాను. ఆ పిల్లను అరచేతిలో పట్టుకుని, వెట్ దగ్గర చివరిదాకా ఉన్న మనిషి.

"మా వార్డులో ఎన్ని చూస్తాను. కొన్ని బతకవు. కొన్ని బతికి జన్మంతా కష్టపడతాయి. కొన్ని పదేళ్ల తర్వాత ఎగురుకుంటూ వచ్చి థాంక్యూ కార్డు ఇచ్చి పోతాయి. ఏది ఏదవుతుందో మొదటి రోజు ఎవురికి తెలుసు? ఎందుకు పుట్టినావని నేనైతే యా బిడ్డనూ అడగలేను."

"ఈ మాట మన పిల్లకు చెప్పినావా?"

"నన్నెవురు అడిగినారు?"

మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. బ్రిస్బేన్‌కు చేయాలా, పెద్దావిడకు తిరిగి చేయాలా అనుకుంటూ నిలబడ్డాను. లోపల్నుంచి మా ఆవిడ సోఫా మీద తువ్వాళ్లు మర్చిపోయానని, తెచ్చివ్వమని కేకేసింది. ఫోన్ బల్ల మీద పెట్టి తువ్వాళ్లు తీసుకెళ్లాను.